పోకనో కొండల్లో ఒక సంగీత శిబిరం: కౌన్సిలర్‌గా వెళ్ళాలనుకునే మన సంఘాల యౌవనస్థులకు

క్రిస్మస్ ఆరాధనలు ముగిసి కొత్త సంవత్సరం మొదలవగానే మా సంఘంలోని యౌవనస్థులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. అమెరికాలో క్రైస్తవ సంగీత శిబిరానికి కౌన్సిలర్‌గా వెళ్ళాలంటే పాట ఎంత బాగా వచ్చి ఉండాలి అని అడుగుతారు. వారిలో కొందరు మా క్వయర్‌లో పాడేవారు, కొందరు ట్రినిటీ కాలేజ్ లండన్ వారి పియానో, గిటార్ పరీక్షలు ఒక్కొక్క గ్రేడే దాటుకుంటూ వస్తున్నవారు, అందరూ సంగీతాన్ని మనసారా ప్రేమించేవారే. పాట తప్పకుండా రావాలనే చెబుతాను. అయితే అక్కడ మన చేతికి అప్పగించేది పాట ఒక్కటే కాదు. తొమ్మిది నుంచి పదకొండేళ్ళ వయసున్న ఎనిమిది మంది పిల్లలతో ఒకే చెక్క గదిలో ఉంటూ, ఉదయం వారిని లేపినప్పటి నుంచి రాత్రి చివరి పిల్ల కళ్ళు మూసేదాకా కనిపెట్టుకొని ఉండడమే అసలు పని. సాధన గంటల్లో సంగీతం నేర్పేవారు వేరే ఉంటారు. మిగిలిన సమయమంతా కౌన్సిలర్‌దే.

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పోకనో కొండల్లో, ఒక సరస్సు ఒడ్డున ఉన్న శిబిరంలో నేను ఒక వేసవి ఆ పని చేశాను. రాయబోయేది పిల్లల గురించి కాబట్టి శిబిరం పేరు గాని, ఎవరి పేర్లు గాని ఇక్కడ చెప్పడం లేదు.

ముందుగా ప్రయాణానికి కావలసిన అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. విదేశీయులు ఈ పనికి జె-1 అనే వీసా మీద వెళతారు, అందులో క్యాంప్ కౌన్సిలర్లకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. 18 ఏళ్ళు నిండి ఉండాలి, ఇంగ్లీషు బాగా రావాలి, విద్యార్థులో ఉపాధ్యాయులో పిల్లల మధ్య పనిచేసేవారో లేదా ఏదైనా ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారో అయి ఉండాలి, నాలుగు నెలలకు మించి ఆ పనిలో కొనసాగకూడదు. అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు పొందిన స్పాన్సర్ సంస్థ డి.ఎస్.-2019 అనే పత్రం ఇస్తే, దానితో కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్ళాలి. ఒకప్పుడు దీనికోసం మనవాళ్ళు చెన్నై వెళ్ళవలసి వచ్చేది. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచారు, 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. ఈ వీసా నిబంధనల్లో మనవాళ్ళు తెలుసుకొని తీరవలసినవి రెండున్నాయి. కౌన్సిలర్‌గా పిలిపించుకున్నవారిని వంటపనికి, గిన్నెలు కడిగే పనికి, గదులు ఊడ్చే పనికి, ఆఫీసు పనికి నియమించకూడదు. అదే పని చేసే అమెరికన్ కౌన్సిలర్లకు ఏమి ఇస్తారో, దానికి తగ్గట్టుగానే మనకూ ఇవ్వాలి. ఈ రెండూ తెలిసి వెళ్ళినవారు అక్కడ తలెత్తుకొని మాట్లాడగలుగుతారు.

సిఫారసు లేఖ కోసం మా అయ్యగారి (సంఘ పాస్టరుగారి) దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన నా గొంతు గురించి ఒక్క మాటైనా అడగలేదు. "పరాయి పిల్లకు అర్ధరాత్రి వాంతులైతే విసుక్కోకుండా శుభ్రం చేయగలవా అమ్మా?" అని అడిగారు. చేయగలనని చెప్పాను. ఆయన లేఖ రాసి సంతకం పెట్టారు. మా అమ్మ భయం వేరు. "ఆ పిల్లలందరినీ నువ్వు చూస్తావు సరే, అక్కడ నిన్ను చూసేదెవరమ్మా?" అని ఆమె చాలా రోజులు అడుగుతూనే ఉంది. ఆ ప్రశ్నలో న్యాయముంది. శిబిరం సంచాలకురాలితో వీడియో కాల్‌లో మాట్లాడినప్పుడు నేను అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని అదే మాట అడిగాను. రోజుకు ఎంతసేపు విశ్రాంతి ఉంటుందో, జబ్బు చేస్తే ఎవరు ఆసుపత్రికి తీసుకువెళతారో, ఇన్సూరెన్స్‌లో ఏమేమి వస్తాయో ఆమె ఓపికగా వివరించిన తరువాతే అమ్మ ఒప్పుకుంది.

మన సంఘాల్లో ఏప్రిల్, మే నెలల్లో జరిగే వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే పిల్లల సెలవుల బైబిలు బడి)లో కొన్నేళ్ళు టీచర్‌గా పనిచేయడం అక్కడ నాకు అక్కరకు వచ్చినంతగా పియానో గ్రేడులు రాలేదు. హైదరాబాద్ ఎండల్లో, షామియానా కింద, ఒకే ఒక మైకుతో వందమంది పిల్లల చేత అభినయంతో పాటలు పాడించి, వాక్యం కంఠతా పట్టించి, మజ్జిగ ప్యాకెట్లు పంచి, ఒక్కరూ రోడ్డు మీదికి పోకుండా ఇళ్ళకు చేర్చినవారికి పిల్లల గుంపు స్వభావం తెలుస్తుంది. అల్లరి ఎప్పుడు మొదలవబోతోందో, ఎవరు మౌనంగా వెనక్కి జారుకుంటున్నారో ముందుగానే కనిపెట్టే చూపు అలవడుతుంది. మనవాళ్ళు దరఖాస్తులో ఈ అనుభవాన్ని చివరి వరుసలో చిన్నగా రాస్తారు. అన్నిటికంటే ముందు, వివరంగా రాయవలసింది అదేనని నా అభిప్రాయం.

పిల్లలు రాకముందు కౌన్సిలర్లకు శిక్షణ ఉంటుంది. మూడేసి ఆకులతో పెరిగే పాయిజన్ ఐవీ అనే తీగను గుర్తుపట్టడం, సాయంత్రం పిల్లలు స్నానానికి వెళ్ళేటప్పుడు పిడుదులు పట్టుకున్నాయేమో చెవుల వెనుక, మోకాళ్ళ వెనుక చూసుకోమని గుర్తు చేయడం (లైమ్ జ్వరం వాటి కాటు వల్లే వస్తుంది), వేరుశనగ పడని పిల్లకు ఊపిరి ఆడకపోతే తొడకు ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో నేర్చుకోవడం, సరస్సులో దిగే ప్రతి పిల్లకూ ఒక జతను కేటాయించి విజిల్ ఊదగానే జతలు చేతులు పట్టుకొని పైకెత్తేలా అలవాటు చేయడం, ఇవన్నీ అందులో భాగం. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం తొమ్మిది నుంచి 14 ఏళ్ళ పిల్లలు రాత్రి బస చేసే శిబిరాల్లో ప్రతి ఎనిమిది మందికీ ఒకరు ఉండాలి. మా గదిలో ఎనిమిది మంది ఉండడానికి కారణం అదే.

ఆ శిక్షణలో నా మనసులో బాగా నాటుకున్నది పిల్లల భద్రత గురించిన పాఠం. ఏ పెద్దవారూ ఏ పిల్లతోనూ ఇతరులకు కనబడని చోట ఒంటరిగా ఉండకూడదు. పిల్ల ఏడుస్తూ ఏదో చెప్పుకోవాలని వస్తే, వరండాలో అందరికీ కనిపించే బెంచీ మీద కూర్చొని వినాలి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకూడదు. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం శిబిరాల్లో పిల్లల బాధ్యత వహించేవారు, పిల్ల మీద అత్యాచారం గాని హింస గాని జరుగుతోందని అనుమానం వస్తే స్వయంగా ఫిర్యాదు చేయాలి. పై అధికారికి చెప్పి ఊరుకుంటే సరిపోదు. నేను ఇది విన్న రోజు రాత్రి మన దేశపు చట్టం తెరిచి చదివాను. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ కూడా, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియజేయాలనే చెబుతోంది. ఇన్నేళ్ళు సండే స్కూల్లో పాఠాలు చెప్పినవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసునో ఒక్కసారి ఆలోచించమని మన సంఘాల పెద్దలను వినయంగా కోరుతున్నాను.

ఇక సంగీతం. ఉదయం బ్యూగిల్ మోగుతుంది, సరస్సు ఒడ్డున చిన్న ప్రార్థన జరుగుతుంది, అల్పాహారం తరువాత వాద్యాల వారీగా సాధన మొదలవుతుంది. తంత్రీ వాద్యాలు ఒక చోట, క్లారినెట్లు, ఫ్లూట్లు మరొక చోట, ఇత్తడి వాద్యాలు అందరికీ దూరంగా చెట్ల మధ్య. మధ్యాహ్నం విశ్రాంతి, ఈత, ఆటలు, తిరిగి అందరూ కలిసి ఆర్కెస్ట్రా, క్వయర్. శనివారం సాయంత్రం తల్లిదండ్రుల ముందు కచేరీ.

మా సాధన మందిరం నాలుగు వైపులా తెరిచి ఉండే కప్పు మాత్రమే. జూన్ నెలలో కూడా ఆ కొండల్లో ఉదయం 12 డిగ్రీల చలి ఉంటుంది, మధ్యాహ్నానికి 28 అవుతుంది. సున్నా డిగ్రీల గాలిలో శబ్దం సెకనుకు సుమారు 331 మీటర్లు ప్రయాణిస్తుంది, ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఆ వేగం దాదాపు 0.6 మీటర్లు పెరుగుతుంది. ఊదే వాద్యంలో స్వరం ఆ వేగం మీదే ఆధారపడుతుంది కనుక, చలిలో క్లారినెట్ శ్రుతి దిగిపోతుంది, ఎండ ఎక్కేకొద్దీ పైకి పోతుంది. లెక్క ప్రకారం ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య అర స్వరంలో దాదాపు సగం తేడా రావాలి, ఊపిరి వెచ్చదనం వల్ల కొంత తగ్గుతుంది. తీగలేమో చలికి బిగుసుకొని ఎదురు దిక్కున, పైకి పోతాయి. కాబట్టి ఉదయం పూట వయొలిన్లకూ ట్రంపెట్లకూ ఒక పట్టాన పొత్తు కుదరదు. పిల్లలు దిగులుపడి తమ చేతిలో లోపముందనుకుంటారు. గదిలో ఉండగానే వాద్యంలోకి స్వరం పలికించకుండా వెచ్చని గాలి మెల్లగా ఊదుతూ ఉండమని వారికి చెప్పడం, సాధనకు వెళ్ళేముందు వాద్యాన్ని కోటు లోపల పొదువుకొని నడిపించడం కౌన్సిలర్‌గా నా ఉదయపు పనుల్లో ఒకటి అయింది. సంగీతం తెలిసిన కౌన్సిలర్ వల్ల శిబిరానికి కలిగే మేలు ఇలాంటి చోటనే కనిపిస్తుంది.

ఆ పిల్లలు కాగితం మీది స్వరాలను చదివే వేగం చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. పదేళ్ళ పిల్ల ఎన్నడూ చూడని పాటను స్టాఫ్ నొటేషన్‌లో, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతిలో, ముందు పెడితే, మొదటిసారే దాదాపు తప్పులేకుండా పాడేది. సికింద్రాబాద్‌లో మా క్వయర్ అలా కాదు. మాలో సగం మంది క్వయర్ మాస్టారు పాడి వినిపించిన గొంతును చెవితో పట్టుకొని, నాలుగు భాగాల పాటలో తమ భాగాన్ని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకొనేవారు. మా కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు మాత్రమే ఉంటాయి, స్వరాలుండవు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు కర్ణాటక రాగాల్లో రాసిన కీర్తనలు తల్లి నోటి నుంచి బిడ్డ నోటికే వచ్చాయి. నేను మెట్టుగూడలో పెరిగేటప్పుడు మా అమ్మమ్మ వంటింట్లో పాడుతుండగా విని నేర్చుకున్నవి ఇప్పటికీ పుస్తకం లేకుండానే పాడగలను.

అందుకే సంచాలకురాలు, మీ దేశపు పాట ఒకటి పిల్లలకు నేర్పగలరా అని అడిగినప్పుడు, మోహన రాగంలోని ఒక చిన్న తెలుగు కీర్తన ఎంచుకొని, కాగితం ఇవ్వకుండానే నేర్పుతానన్నాను. మోహనంలో స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాలే ఉంటాయి, మ, ని ఉండవు. అమెరికా జానపద భక్తిగీతాల్లో చాలావాటికి ఇవే ఐదు స్వరాలు. జాన్ న్యూటన్ 1779లో ఇంగ్లండులో ప్రచురించిన అమేజింగ్ గ్రేస్ మాటలను 1835లో విలియమ్ వాకర్ అమెరికాలో ఏ బాణీతో జతచేశాడో, ఈనాడు లోకమంతా పాడే ఆ బాణీ కూడా ఐదు స్వరాలదే. కాబట్టి నేను ఆలాపన మొదలుపెట్టగానే ఆ పిల్లల ముఖాల్లో కొత్తదనం కంటే ఎక్కువగా పరిచయం కనిపించింది. పైగా వారికి బడిలో నేర్పే చేతి సంజ్ఞలు మన స్వరాలకు చక్కగా సరిపోయాయి. సండే స్కూలు పిల్లలకు పాట నేర్పే సులువైన దారి వెతికిపెట్టమని 1841లో హల్ నగరంలో జరిగిన ఉపాధ్యాయుల సభ జాన్ కర్వెన్ అనే పాస్టరుగారిని కోరింది. సారా గ్లోవర్ అనే ఉపాధ్యాయిని అప్పటికే రూపొందించిన పద్ధతిని ఆయన పెంచి పోషించి, తరువాతి కాలంలో ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క చేతి సంజ్ఞ చేర్చాడు. ఆ పద్ధతిలో "డో" ఏ శ్రుతిలోనైనా ఉండవచ్చు, మన "స" కూడా అంతే కదా! నేను "స రి గ" అని పాడితే వారు డో రే మి సంజ్ఞలు చూపించారు. ఒక గంటలో మేము ఒకరికొకరం అర్థమైపోయాము.

అయినా మొదట్లో కాగితం లేకపోవడం వారిని కలవరపెట్టింది. అందరికంటే బాగా చదవగలిగిన క్లారినెట్ పిల్ల అందరికంటే ఎక్కువ భయపడింది. చూసేందుకు ఏమీ లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో నాకెలా తెలుస్తుంది అని అడిగింది. నా నోటి వైపు, పక్కనున్న పిల్ల వైపు చూడమన్నాను. ఆదితాళం వేయడం నేర్పాను. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసర్జితం (అరచేయి తిప్పడం), మొత్తం ఎనిమిది. కర్ర పట్టుకున్న కండక్టర్ ఎదురుగా నిలబడితేనే లయ ఉంటుందని అనుకున్న పిల్లలకు, ప్రతివారి తొడ మీదా ఎవరి తాళం వారికే ఉంటుందన్నది గొప్ప ఆనందం కలిగించింది. భోజనశాలలో వరుసలో నిలబడి కూడా వేళ్ళు లెక్కపెట్టుకొనేవారు. వారం మధ్యకు వచ్చేసరికి ఆ క్లారినెట్ పిల్ల కళ్ళు మూసుకొని పాడుతోంది.

వయొలిన్ నేర్చుకొనే పిల్లలకు మరో సంగతి చూపించాను. చిన్నప్పుడు మా వీధిలో కొన్నాళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. నేల మీద బాసింపట్టు వేసుకొని, వాద్యం కొనను పాదం మీద ఆనించి వాయించి చూపాను. మెడతో పట్టుకోవలసిన పని లేకపోవడం వల్ల ఎడమ చేయి గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) కోసం తీగ మీద స్వేచ్ఛగా జారగలదని చెప్పాను. రెండు వందల ఏళ్ళ కిందట మద్రాసులో బాలుస్వామి దీక్షితులు ఈ యూరప్ వాద్యాన్ని నేర్చుకొని మన సంగీతంలోకి తెచ్చారని, ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు కోటలోని బ్యాండు బాణీలు విని వాటికి సంస్కృత కీర్తనలు కట్టారని చెప్పినప్పుడు, ఒక అబ్బాయి తన వయొలిన్‌ను తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఇంతవరకు చెప్పినదంతా పగటి పని. అసలు పని రాత్రి మొదలవుతుంది. జూన్ చివర ఆ ప్రాంతంలో రాత్రి ఎనిమిదిన్నర దాటాక గాని పొద్దు గుంకదు. నెగడు చుట్టూ పాటలయ్యాక పిల్లలు గదికి వచ్చి పళ్ళు తోముకొని పడుకుంటారు, దీపం ఆర్పుతాము. ఇంటి బెంగ అప్పుడే వస్తుంది. ఆటల్లో, సాధనలో, ఈతలో రాని కన్నీళ్ళు దిండు మీద తల పెట్టగానే వస్తాయి. కొందరు తల్లిదండ్రులు, నీకు నచ్చకపోతే ఒక్క మాట చెప్పు, వచ్చి తీసుకుపోతాము అని మాట ఇచ్చి పంపుతారు. ప్రేమతో ఇచ్చిన ఆ మాటే పిల్లను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే ఆమె ఇక ప్రతి గంటా నచ్చిందా, నచ్చలేదా అని తూచుకుంటూనే ఉంటుంది. ఏడవకు అనకూడదని, ఇంట్లో ఏమేమి గుర్తొస్తున్నాయో చెప్పమనాలని, ఆ తరువాత రేపు ఉదయం చేయబోయే ఒక చిన్న పనిని ఆమెకు అప్పగించాలని మాకు నేర్పారు. నేను ప్రార్థన చేసేదాన్ని కూడా, కానీ పొట్టిగా, పిల్ల చెప్పిన మాటలతోనే.

ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఒక చెల్లో పిల్ల మొదటి రాత్రులు అస్సలు నిద్రపోలేదు. ఏడవదు, మాట్లాడదు, పైకప్పు చూస్తూ ఉంటుంది. వరండా బెంచీ మీద ఇద్దరం కూర్చున్నప్పుడు, ఇక్కడ ఏ చప్పుడూ లేదు అని చెప్పింది. వారి ఇల్లు స్తంభాల మీద నడిచే రైలు మార్గం పక్కనట. రాత్రి పొద్దుపోయేదాకా రైళ్ళు పోతూనే ఉంటాయట. నాకూ ఆ కొండల్లో నిద్ర పట్టకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది. మెట్టుగూడలో మా ఇల్లు కూడా రైలు పట్టాలకు దగ్గరే. సికింద్రాబాద్ స్టేషన్‌లో మూడు భాషల్లో ప్రకటన ఎలా వస్తుందో, దానికి ముందు మోగే గంట ఎలా ఉంటుందో ఆమెకు వినిపించాను. "దయచేసి వినండి, రైలు నంబరు" అంటూ ఒక్కొక్క అంకె విడివిడిగా పలికాను. ఆమె నవ్వి మళ్ళీ చెప్పమంది. తెల్లవారేసరికి గదిలోని పిల్లలందరికీ అది వచ్చేసింది. ఆనాటి నుంచి మా గదిలో ఎవరైనా అందరికీ ఒక మాట చెప్పాలంటే "దయచేసి వినండి" అనడం, వెంటనే మిగిలినవారు మాటలాపడం ఆనవాయితీ అయింది. నేను పెద్ద గొంతుతో ఎవరినీ పిలవవలసిన అవసరమే రాలేదు. ఆ పిల్ల దిగులు ఒక్క రాత్రిలో పోలేదు. అయితే పడుకొనేముందు ప్రతి రాత్రీ ఒక రైలు బయలుదేరే స్టేషన్, చేరే స్టేషన్ చెప్పమని అడిగేది. కాజీపేట, డోర్నకల్, ఖమ్మం, విజయవాడ అని వరుసగా చెబుతుంటే ఖమ్మం దాటేలోపు నిద్రపోయేది.

విశ్వాసం గురించి కూడా చెప్పాలి. క్రైస్తవ శిబిరమైనా వచ్చే పిల్లలందరూ చర్చికి వెళ్ళే కుటుంబాలవారు కారు. కొందరికి సంగీతం కోసం మాత్రమే పంపిన తల్లిదండ్రులున్నారు. వాక్యం చదివాక పిల్లలు అడిగే ప్రశ్నలు గట్టివి. మా తాతయ్య కోసం ప్రార్థన చేశాను, అయినా చనిపోయాడు, ఎందుకు? ఇలాంటి ప్రశ్నకు గబగబా జవాబిచ్చే అలవాటు మన ప్రార్థన కూడికల్లో కొంత ఉంది. ఆ శిబిరంలో చాప్లిన్‌గా (శిబిరపు పాస్టరుగా) ఉన్న పెద్దావిడ ముందు ఆ తాతయ్య గురించి అడిగేది. ఆయన ఏమి తినేవాడు, ఏ పాట పాడేవాడు అని. నాకు తెలిసిన పాస్టర్లలో ఇంత గౌరవంగా పిల్లల దుఃఖాన్ని విన్నవారు చాలా తక్కువ.

మీరెప్పుడు క్రైస్తవులయ్యారు, అమెరికా వచ్చాకనా అని పిల్లలు అమాయకంగా అడిగేవారు, కొందరు పెద్దలూ అడిగేవారు. దానికి అక్కడే మంచి సమాధానం దొరికింది. మా అమ్మమ్మ గుంటూరు లూథరన్ సంఘంలో పుట్టి పెరిగింది. ఆ మిషన్‌ను 1842లో ప్రారంభించిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్‌ను పంపింది పెన్సిల్వేనియా లూథరన్ సంఘాలే. ఆయన 1873లో ఫిలడెల్ఫియాలోనే కన్నుమూశాడు. అంటే ఈ పిల్లల ముత్తాతల నాటి సంఘాలు నాణేలు పోగుచేసి నిలబెట్టిన మిషన్‌కు చెందిన కుటుంబం నుంచి నేను ఇక్కడికి వచ్చాను, వారికి తెలియని పాట ఒకటి పట్టుకొని వచ్చాను. దీన్ని శనివారం కచేరీలో, కీర్తనకు ముందు నాలుగు మాటల్లో చెప్పాను. తరువాత పిల్లలు తాళం వేస్తూ, కాగితం లేకుండా, తెలుగులో పాడారు. ఆ రాత్రి పదిన్నరకు నేను గది వరండాలో కూర్చొని ఫోన్ తెరిచేసరికి సికింద్రాబాద్‌లో ఆదివారం ఉదయం ఎనిమిది అయింది, మా తెలుగు ఆరాధన మొదలవుతోంది. రికార్డింగ్ పంపితే మా అమ్మ పక్క బెంచీల వారందరికీ వినిపించిందట.

డబ్బు విషయం దాచడం మంచిది కాదు. ఇచ్చేది జేబు ఖర్చు కంటే కొంచెం ఎక్కువ, అంతే. వేసవిలో మాత్రమే నడిచే ఇలాంటి శిబిరాలకు అమెరికా కేంద్ర కనీస వేతన చట్టం నుంచి మినహాయింపు ఉంది. విమానం టికెట్టు, వీసా ఖర్చు పోగా ఇంటికి తెచ్చుకొనేది పెద్దగా మిగలదు. అప్పు చేసి వెళ్ళవద్దని నేను ప్రతివారికీ చెబుతాను. ఒప్పుకొనేముందు శిబిరం వారిని అడగవలసినవి అడగండి. వారానికి ఎన్ని గంటల పూర్తి సెలవు, గదిలో రెండో కౌన్సిలర్ ఉంటారా, నర్సు రాత్రి అక్కడే ఉంటుందా, విమాన ఖర్చులో వారి వాటా ఎంత, గడువుకు ముందే తిరిగి రావలసి వస్తే ఏమవుతుంది. వీటికి స్పష్టమైన జవాబు ఇవ్వలేని చోటికి వెళ్ళకండి. ఆ వేసవిలో నాకు పరిచయమైన ఒక కౌన్సిలర్, వేరే శిబిరంలో, సగం రోజులు వంటింట్లోనే గడపవలసి వచ్చిందని చెప్పింది. నిబంధన ఆమెకు ముందే తెలిసి ఉంటే స్పాన్సర్‌కు మొదటి వారంలోనే ఫోన్ చేసి ఉండేది.

తిరిగి వచ్చాక మా సంఘంలో రెండు పనులు మొదలుపెట్టాము. మొదటిది, వి.బి.ఎస్.లోను, సండే స్కూల్లోను పనిచేసే ప్రతి టీచరూ పోక్సో చట్టం గురించి ఒక పూట తరగతికి హాజరు కావాలి, ఏ గదిలోనైనా పిల్లలతో ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, 1098 అనే పిల్లల సహాయ ఫోన్ నంబరు గోడ మీద పిల్లల కంటి ఎత్తులో అంటించాలి. దీనికి అయ్యగారు వెంటనే ఒప్పుకున్నారు. కొందరు పెద్దలకు, మన పిల్లల మధ్య ఇదంతా ఎందుకన్న బాధ ఉండేది. మాట్లాడుతూ ఉన్నాము, ఇప్పటికి చాలామంది ఒప్పుకున్నారు.

రెండవది, వేసవిలో పిల్లలకు చేతి సంజ్ఞలతో స్వరాలు చదవడం నేర్పుతున్నాము, కానీ కీర్తనలను మాత్రం ముందు చెవితోనే నేర్పి, బాగా వచ్చాక వారి చేతనే కాగితం మీద రాయిస్తున్నాము. ఆ రాత మా పెద్దమ్మలకు నచ్చలేదు. పిల్లలు మోహన కీర్తనలో గ తరువాత ప అని నేరుగా రాసుకొని పాడుతుంటే, అలా కాదమ్మా, అక్కడ జారాలి అని సంఘంలో అందరికంటే వయసులో పెద్దదైన ఆవిడ ఆపేసింది. ఆమె చెప్పినది నూటికి నూరు పాళ్ళు నిజం. ఆ జారుడు ఐదు గీతల మధ్య ఇమడలేదు. అందుకని స్వరాల వరుసకు పైన ఒక ఖాళీ వరుస వదిలిపెట్టాము. శనివారం సాయంత్రం ఐదు గంటలకు ఆవిడా, మరో ముగ్గురు అమ్మగార్లూ వచ్చి ఒక్కొక్క చరణం పాడి వినిపిస్తారు. ఎక్కడ గొంతు ఊగిందో, ఎక్కడ జారిందో పిల్లలు ఆ ఖాళీ వరుసలో తమకు తోచిన గుర్తులు పెట్టుకుంటారు. ఇప్పటికి పూర్తయినవి కొద్ది కీర్తనలే. ఈ మే నెలలో మరికొన్ని మొదలుపెడతాము.